మైదానాల హైదరాబాద్ – 9: ఫతే మైదాన్

ఫతే మైదాన్‌లో భారత జట్టు ఆడిన టెస్టులు మూడే. 1955లో ఒకటి, 1969లో ఒకటి, 1988లో ఒకటి. మూడింట్లోనూ ఎదుటి జట్టు న్యూజిలాండే. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, వెస్టిండీస్, పాకిస్తాన్‌లలో ఏ ఒక్క జట్టూ ఇక్కడ టెస్టు ఆడలేదు. మద్రాసు చేపాక్‌కో, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌కో ఉన్నంత పెద్ద జాబితా మన మైదానానికి లేదు. అయినా ఆ మూడు టెస్టుల్లో ఒకటి తొలి రికార్డుకు వేదికైంది, ఒకటి అల్లర్లతో అట్టుడికింది, ఒకటి మన గల్లీ కుర్రాళ్లను నిలబెట్టింది. మూడింటినీ వరసగా చెప్పుకుంటే హైదరాబాద్ నగరం మారిన తీరు కూడా కొంత తెలుస్తుంది.

ముందు మైదానం కథ.

1687లో ఔరంగజేబు గోల్కొండ కోటను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించాడు. వానలు, కరువు, రోగాలు మొగలు సైన్యాన్ని పీల్చి పిప్పి చేశాయి. ఫిరంగులకు లొంగని కోట చివరికి లోపలివాళ్ల ద్రోహానికి లొంగింది. కోటలోని సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ రాత్రివేళ తలుపు తీయించాడు. గోల్కొండ పక్షాన నిలిచిన సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలై పడిపోయేదాకా పోరాడాడు. గోల్కొండ సుల్తాను తానీషాను బందీగా పట్టుకుని దౌలతాబాద్ పంపారు. ఆ ముట్టడి కాలంలో మొగలు దళాలు కొన్ని ఈ బయలులో గుడారాలు వేసుకున్నాయని, గెలిచాక దీనికి ఫతే మైదాన్ అని పేరు పెట్టారని నగరంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. మొగలులు లోపలికి వచ్చిన కోట ద్వారానికి ఫతే దర్వాజా అన్న పేరు ఇప్పటికీ ఉంది. పక్కనున్న నౌబత్ పహాడ్ మీద నగారాలు మోగించి ఫర్మానాలు చాటేవారని కూడా అంటారు. ఆ గుట్ట మీదే 1976 నుంచి తెల్ల చలువరాతి బిర్లా మందిరం ఉంది.

నిజాముల కాలానికి ఇది గుర్రాల బయలు. అసఫ్‌జాహీ కొలువులో పోలో అంటే ప్రాణం పెట్టే ప్రభువులు ఉండేవారు. ఆటగాళ్లు, గుర్రాలు, చూడవచ్చిన జనంతో ఇక్కడ పోలో సందడి సాగేది. సైనిక కవాతులకూ ఇదే చోటు. నిజాం పాలన పోయాక, 1950ల్లో, ఇది జనం కూర్చుని ఆట చూసే స్టేడియంగా మారింది. తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి కన్నుమూసిన మరుసటి ఏడాది, అంటే 1967లో, ఆయన పేరు పెట్టారు. కాగితాల మీద లాల్ బహదూర్ స్టేడియం అయింది. ఆటోవాలాకు ఎల్బీ స్టేడియం అయింది. పాత హైదరాబాదీలకు మాత్రం ఇప్పటికీ ఫతే మైదానే.

చూడాలనుకునేవారు పొద్దున్నే వెళ్లండి. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే నాలుగడుగులు నడవాలి, అంతే. ఒక పక్క పబ్లిక్ గార్డెన్స్, శాసనసభ. మరో పక్క నిజాం కాలేజీ, బషీర్‌బాగ్. వెనక గన్‌ఫౌండ్రీ, ఆ పైన ఆబిడ్స్. స్టేడియం బయటి గోడను ఆనుకుని ఆటసామాను దుకాణాలు. షట్టరు ఎత్తగానే తాళ్లకు వేలాడదీసిన బ్యాట్లు, వలల సంచుల్లో ఫుట్‌బాళ్లు, క్యారంబోర్డులు, పసిడి రంగు కప్పులు, పేర్లు చెక్కడానికి ఖాళీగా ఉంచిన షీల్డులు కనిపిస్తాయి. కొడుకు కోసం మొదటి బ్యాటు కొనడానికి వచ్చిన తండ్రి దాన్ని చేత్తో తూచి, కింద తట్టి, ధర విని మళ్లీ తూచడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ కుర్రాడి కళ్లు మాత్రం బ్యాటు మీద అతికించిన స్టిక్కరు మీదే ఉంటాయి.

లోపలికి వెళ్లి గ్యాలరీ సిమెంటు మెట్ల మీద కూర్చుంటే నౌబత్ పహాడ్ గుట్ట కనబడుతుంది. ఎండ ఎక్కేకొద్దీ మెట్లు పెనంలా కాలతాయి. ఒకప్పుడు వన్డే చూడ్డానికి వచ్చినవారు కింద వార్తాపత్రిక పరుచుకుని, నెత్తిన రుమాలు కట్టుకుని ఈ మెట్ల మీదే రోజంతా గడిపేవారు.

మొదటి టెస్టు 1955 నవంబరు 19న మొదలైంది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ పుట్టలేదు. ఈ నగరం హైదరాబాద్ రాష్ట్రానికి రాజధాని, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. న్యూజిలాండ్ భారత్‌కు రావడం అదే తొలిసారి, మన నగరంలో టెస్టు జరగడమూ అదే తొలిసారి. భారత కెప్టెన్ గులాం అహ్మద్. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఆఫ్‌స్పిన్నర్ సొంతూళ్లో జరిగే తొలి టెస్టుకే దేశానికి నాయకత్వం వహించాడంటే ఆనాటి జనం ఎంత పొంగిపోయి ఉంటారో! ఇక్కడో మాట చెప్పుకోవాలి. ఈయన మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ కూడా హైదరాబాద్‌లోనే పుట్టి, ఇక్కడే క్రికెట్ ఆడి, 1961లో సరిహద్దు దాటి, తర్వాత పాకిస్తాన్ కెప్టెన్ అయ్యాడు. ఒకే ఇంటి మామా అల్లుళ్లు రెండు దేశాలకు కెప్టెన్లు.

ఆ టెస్టులో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు కొట్టాడు. టెస్టుల్లో ఒక భారతీయుడు డబుల్ సెంచరీ చేయడం అదే మొదలు. అంతకుముందు భారత్ 23 ఏళ్లుగా టెస్టులు ఆడుతోంది. సి.కె.నాయుడు, అమర్‌నాథ్, మర్చంట్, హజారే, మన్కడ్ ఎవరికీ అందని అంకె ఫతే మైదాన్‌లో అందింది. విజయ్ మంజ్రేకర్ 118 చేశాడు. తొలి టెస్టు ఆడుతున్న కృపాల్ సింగ్ సరిగ్గా వంద కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. భారత్ 4 వికెట్లకు 498 దగ్గర డిక్లేర్ చేసింది. తర్వాత సుభాష్ గుప్తే లెగ్‌స్పిన్‌తో 7 వికెట్లు తీశాడు. అయినా న్యూజిలాండ్ ఓడలేదు. ఫాలోఆన్‌లో బెర్ట్ సట్‌క్లిఫ్ 137 కొట్టి అజేయంగా నిలబడ్డాడు. మ్యాచ్ డ్రా అయింది. అప్పటికి న్యూజిలాండ్ ఒక్క టెస్టు కూడా గెలవని దేశం. తొలి గెలుపు కోసం వాళ్లు 1956 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది.

రెండో టెస్టు దగ్గర కాసేపు ఆగాలి. నన్నడిగితే ఈ మైదానం చూసిన రోజుల్లో అతి బరువైన రోజులు అవే.

1969 అక్టోబరు. ఆ ఏడాది హైదరాబాద్ మామూలుగా లేదు. జనవరి నుంచి తెలంగాణ ఉద్యమం రగిలింది. కాలేజీలు మూతపడ్డాయి, కాల్పులు జరిగాయి, విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. అక్టోబరుకల్లా వీధులు కొంత సద్దుమణిగాయి గానీ, ఖాకీని చూస్తే కుర్రకారు నెత్తురు మరిగే రోజులవి. అటువంటి సమయంలో సిరీస్ తేల్చే మూడో టెస్టు ఇక్కడికి వచ్చింది. బొంబాయిలో భారత్ గెలిచింది. నాగపూర్‌లో న్యూజిలాండ్ గెలిచింది. భారత గడ్డ మీద వాళ్లకు అదే తొలి టెస్టు విజయం. ఇక్కడ కూడా నెగ్గితే తమ చరిత్రలో తొలి సిరీస్ గెలుపు దక్కుతుంది.

న్యూజిలాండ్ 181కి ఆలౌటైంది. రెండో రోజు వాన వల్ల ఆటే జరగలేదు. నిబంధన ప్రకారం పిచ్ మీద గడ్డి కోయించాల్సిన సమయంలో అంపైర్లు మరిచారు. తర్వాత కోస్తామంటే న్యూజిలాండ్ కెప్టెన్ గ్రాహం డౌలింగ్ ససేమిరా అన్నాడు. నిబంధన అతని పక్షానే ఉంది. ఆ పచ్చని పిచ్ మీద పటౌడీ నాయకత్వంలోని భారత జట్టు కుప్పకూలింది. యాభై దరిదాపుల్లోనే 9 వికెట్లు పోయాయి. చివరి జోడీగా వెంకటరాఘవన్, బిషన్ సింగ్ బేడీ నిలబడి ఇంకో నలభై దాకా జోడించబట్టి స్కోరు 89కి చేరింది. పేరున్న బ్యాట్స్‌మెన్ అందరూ చేతులెత్తేశాక ఇద్దరు స్పిన్నర్లు బ్యాటు పట్టుకుని పరువు కాపాడుతుంటే గ్యాలరీ ఎలా ఊగిపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆటగాళ్లను అభినందించడానికి ఒక కుర్రాడు మైదానంలోకి పరుగెత్తాడు. భద్రతా సిబ్బందిలో ఒకరు అతన్ని కొట్టారు. నెత్తురు కారింది. అది కళ్లారా చూసిన జనం భగ్గుమన్నారు. వస్తువులు విసిరారు, మంటలు పెట్టారు, గుంపులుగా మైదానంలోకి దూసుకొచ్చారు. ఆ రోజు ఆట అంతటితో సరి. క్రికెట్ పుస్తకాల్లో ఇది ప్రేక్షకుల గొడవగా రెండు వాక్యాల్లో ముగుస్తుంది. కానీ ఆ ఏడాది లాఠీ దెబ్బ తినని వీధి ఈ ఊళ్లో ఏది? జనవరి నుంచి రోడ్ల మీద పేరుకున్న కోపమే ఆ రోజు గ్యాలరీలో బయటపడిందని నా నమ్మకం.

న్యూజిలాండ్ రెండో ఇన్నింగ్స్ డిక్లేర్ చేసి భారత్‌కు 268 లక్ష్యం ఇచ్చింది. చివరి రోజు భారత్ 7 వికెట్లకు 76. ఇంకా మూడే వికెట్లు. అప్పుడు వాన కురిసింది. పెద్ద వానే గానీ ఎక్కువసేపు నిలవలేదు. మళ్లీ ఎండ కాసింది. ఆట మాత్రం మొదలు కాలేదు. నీళ్లు తోడే పని నత్తనడక నడిచింది. డౌలింగ్ ఉండబట్టలేక బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తానే నీళ్లు తీయడానికి దిగాడు. విదేశీ కెప్టెన్ ఒట్టి కాళ్లతో మన బురదలో నిలబడి, ఆట జరిపించండని బతిమాలాల్సి వచ్చింది! ఎండ కాస్తుండగానే సమయం అయిపోయింది. మ్యాచ్ డ్రా, సిరీస్ 1–1.

ఓటమి తప్పిందని ఆనాడు ఊపిరి పీల్చుకున్నవారు ఉంటారు. కానీ ఆ డ్రా మనకు గౌరవం తేలేదు. గెలవాల్సిన జట్టుకు గెలిచే అవకాశం దక్కనివ్వలేదు. ఈ మాట ఒప్పుకోకుండా ఫతే మైదాన్ చరిత్ర రాయలేం. డౌలింగ్ జట్టు ఇక్కణ్నుంచి పాకిస్తాన్ వెళ్లి ఆ ఏడాదే తమ తొలి సిరీస్ గెలుచుకుంది. భారత్‌లో సిరీస్ గెలవడానికి మాత్రం న్యూజిలాండ్‌కు 2024 దాకా, అంటే మరో 55 ఏళ్లు పట్టింది.

మూడో టెస్టు 1988 డిసెంబరులో. ఈసారి వాన లేదు, గొడవ లేదు. భారత్ 10 వికెట్లతో గెలిచింది. ఆ జట్టులో ఇద్దరు హైదరాబాదీలు, మహ్మద్ అజహరుద్దీన్, అర్షద్ అయూబ్. అజహర్ మణికట్టు తిప్పి 81 పరుగులు చేశాడు. ఆఫ్‌స్పిన్నర్ అర్షద్ ఆ మూడు టెస్టుల సిరీస్‌లో 21 వికెట్లు తీశాడు. వీళ్లిద్దరూ, తర్వాత భారత్‌కు ఆడిన వెంకటపతిరాజు కూడా, గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ హైస్కూల్‌లోనే చదువుకున్నారు. బడి గేటు నుంచి స్టేడియం గేటుకు నడిచే వెళ్లొచ్చు. ఊరి నడిబొడ్డున ఒక పెద్ద మైదానం ఉంటే ఏం జరుగుతుందో ఆ ఒక్క బడి చెబుతుంది. పిల్లలు పుస్తకాల సంచితో నడిచి వచ్చి పెద్దల ఆట చూస్తారు. చూసింది సాయంత్రం బడి ఆవరణలో ఆడి చూస్తారు. పదేళ్లు గడిచేసరికి అదే మైదానంలో దేశం తరఫున బరిలోకి దిగుతారు.

వన్డేల సంగతి వేరు. అక్కడ అన్ని దేశాలూ వచ్చాయి. ప్రపంచకప్ గెలిచిన కపిల్ జట్టు 1983 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో ఇక్కడ ఆడి నెగ్గింది. 1987 మార్చిలో అదే పాకిస్తాన్‌తో స్కోర్లు సమమయ్యాయి. ఇద్దరివీ 212 పరుగులే. చివరి బంతికి అబ్దుల్ ఖాదిర్ గెలుపు పరుగు కోసం ఉరికి రనౌటయ్యాడు. వికెట్లు తక్కువ పోగొట్టుకున్నందుకు అప్పటి నిబంధన ప్రకారం గెలుపు మనది.

ఆ ఏడాదే అక్టోబరు 10న ప్రపంచకప్ మ్యాచ్. న్యూజిలాండ్, జింబాబ్వే. టెస్టు హోదా కూడా లేని జింబాబ్వే 243 లక్ష్యంతో దిగి 104కే 7 వికెట్లు పోగొట్టుకుంది. వికెట్ కీపర్ డేవ్ హౌటన్ ఒక్కడే నిలబడ్డాడు. తోడుగా ఇయాన్ బుచార్ట్. ఇద్దరూ 8వ వికెట్‌కు 117 పరుగులు కలిపారు. హౌటన్ 142కి చేరుకున్నాక కొట్టిన బంతిని మార్టిన్ క్రో వెనక్కి పరుగెత్తి పట్టుకున్నాడు. 3 పరుగుల తేడాతో జింబాబ్వే ఓడింది. మనవాళ్లెవరూ లేని మ్యాచ్ అది. అయినా నగరంలో ఆ తరం వారిని కదిపితే గెలిచిన జట్టు కన్నా హౌటన్ పేరే ముందు చెబుతారు.

1999 నవంబరు 8 గురించి వేరే చెప్పాలా? సౌరవ్ గంగూలీ 4 పరుగులకే రనౌటై వెళ్లిపోయాడు. ఆ తర్వాత సచిన్, ద్రవిడ్ కలిసి 331 పరుగులు కొట్టారు. సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153, భారత్ 2 వికెట్లకు 376. ఏ వికెట్‌కైనా వన్డేల్లో అదే అప్పటికి అతి పెద్ద భాగస్వామ్యం. 2015లో గేల్, శామ్యూల్స్ 372 కొట్టేదాకా ఆ రికార్డు ఫతే మైదాన్ పేరు మీదే ఉంది. ఎదుటి జట్టు? మళ్లీ న్యూజిలాండే. 2003 నవంబరులో సెహ్వాగ్, సచిన్ చెరో సెంచరీ కొట్టి ఓడించింది కూడా వాళ్లనే. రెండేళ్ల తర్వాత ఉప్పల్‌లో కొత్త స్టేడియం సిద్ధమైంది. పెద్ద క్రికెట్ అక్కడికి తరలిపోయింది.

క్రికెట్ ఒక్కటే ఈ చోటుకు పేరు తేలేదు. ఆవరణలోనే ఉన్న ఇండోర్ హాల్లో ఎస్.ఎం. ఆరిఫ్ బ్యాడ్మింటన్ నేర్పారు. పుల్లెల గోపీచంద్ ఆయన శిష్యుడే. సైనా నెహ్వాల్ చిన్నతనంలో నాన్న స్కూటరు వెనక కూర్చుని, రాజేంద్రనగర్ నుంచి తెల్లవారకముందే ఇక్కడికి వచ్చేది. ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ పతకం సాధించిన తొలి భారతీయురాలి ఆట ఈ గోడల మధ్య మొదలైంది.

ఇక రాజకీయం. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు రాజ్‌భవన్‌లో కాకుండా జనం నడుమ, ఈ మైదానంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. పార్టీ పెట్టి అప్పటికి పది నెలలు కూడా నిండలేదు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇక్కడే ప్రమాణం చేసి, ఉచిత విద్యుత్ ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు. 2023 డిసెంబరు 7న రేవంత్ రెడ్డి ప్రమాణం చేసిందీ ఇక్కడే. హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మూడింటినీ చూసిన మైదానం ఇది. వేలమందిని పిలవాలంటే నగరం మధ్యలో ఇంతకన్నా వీలైన చోటు లేదు, నిజమే.

వీలుగా ఉండడమే దీనికి చిక్కు కూడా. వేదిక కోసం గుంజలు పాతితే, లారీలు దిగితే పచ్చిక నలుగుతుంది. మళ్లీ ఆటకు సిద్ధం చేయాలంటే రోజులు పడుతుంది. అందాకా ఆడుకునే పిల్లలకు తావు ఉండదు. ఉప్పల్ ఇక్కడికి దాదాపు పది కిలోమీటర్లు, గచ్చిబౌలి అంతకన్నా దూరం. కారులో దింపే తల్లిదండ్రులున్న పిల్లలు ఎక్కడికైనా వెళతారు. నాంపల్లి, చిరాగ్ అలీ లేన్, హైదర్‌గూడ, కింగ్ కోఠీ ఇరుకు సందుల పిల్లలకు కాళ్లే వాహనం. ప్రమాణస్వీకారం అయిదేళ్లకొకసారి వస్తే ఎవరూ కాదనరు. ప్రతి సభకూ, ప్రతి విందుకూ ఇదే దిక్కు కాకూడదు. సభలకు వేరే చోట్లు వెతకండి, ఈ పచ్చికను పిల్లలకు వదలండి. పాలించేవారికి ఈ ధారావాహిక తరఫున ఇదే విన్నపం.

పాఠకులకు మరో విన్నపం. 1969 అక్టోబరులో ఆ మెట్ల మీద కూర్చున్నవారికి ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. స్కోర్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఆనాటి గ్యాలరీ మాత్రం మీ జ్ఞాపకాల్లోనే ఉంది. మీరుగానీ, మీ ఇంటి పెద్దలుగానీ ఆ రోజు అక్కడుంటే, కళ్లారా చూసింది చూసినట్టు మాకు రాసి పంపండి. పాత టికెట్టు ముక్కలు, ఫొటోలు ఉంటే నకలు జతచేయండి.

వచ్చే వారం: సికింద్రాబాద్ జింఖానా.